ఆర్3పీజీ వాడాను: తీసుకోండి, కానీ నేల నీటి గడి దగ్గర ఆగి చూడండి

వాతావరణం మారితే తోట ఎంత పెరుగుతుంది, కలప ఎంత వస్తుంది అని లెక్క తేల్చాల్సిన పని మీద పడితే నేనైతే ముందు ఆర్3పీజీనే పెట్టుకోమంటాను, అది ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వాడే ప్యాకేజీ. ఉచితం, కోడ్ అందరికీ కనిపిస్తుంది, లోపల లెక్క చేసేది ఫోర్ట్రాన్ అనే వేగమైన ప్రోగ్రామింగ్ భాష కాబట్టి ముప్పై ఏళ్ల తోట రెప్పపాటులో పెరిగిపోతుంది.

లోపలున్నది 1997లో ల్యాండ్స్‌బర్గ్, వేరింగ్ ప్రచురించిన 3-పీజీ అనే చెట్ల పెరుగుదల మోడల్. నెల నెలా నడుస్తుంది. ఆకులకు అందిన వెలుతురుతో ఎంత ఆహారం తయారవుతుందో చూసి, ఉష్ణోగ్రత, గాలి పొడితనం, నేల తేమ, మంచు, నేల సారం, చెట్టు వయసు ఒక్కోటీ అందులో ఎంత కోత పెడతాయో లెక్కేసి, మిగిలింది వేరుకీ కాండానికీ ఆకుకీ పంచుతుంది. నేల బీదదైతే వేరు వాటా పెరుగుతుంది. ఏ నెలలో పెరుగుదల ఎందుకు ఆగిందో వేలు పెట్టి చూపించగలగడం నాకు అన్నిటికంటే నచ్చింది.

ఇప్పుడు ఆ గడి సంగతి. సైట్ పట్టికలో నేల నీటి కనిష్ఠం అని ఒకటి ఉంటుంది. అది మొక్క వాడిపోయే హద్దేమో అనుకుని నేను 40 మిల్లీమీటర్లు వేశాను. వానలు ఎంత తగ్గించినా తోట పచ్చగానే ఉంది! రెండు రోజులు టెన్షన్ పడి కోడ్ చదివితే తెలిసింది, నీరు ఆ అంకె కిందికి దిగగానే మోడల్ తనే తడి పెట్టి నింపేస్తోంది. వానాధారపు తోటైతే అక్కడ సున్నా వేయండి. ఇంకోటి, వాన నెల మొత్తం ఇవ్వాలి, సూర్యరశ్మి మాత్రం రోజు సగటు. రెండూ ఒకేలా ఇస్తే ఫలితం చెడిపోతుంది, ఎర్రర్ మాత్రం రాదు.

నాకు నిజంగా బాధ కలిగించేది నేల సారం రేటింగ్. 0 నుంచి 1 మధ్య ఒక అంకె, దాన్ని తిన్నగా కొలిచే పద్ధతి లేదు, కాబట్టి చాలామంది పాత కొలతలకు మోడల్ గీత సరిపోయేదాకా దాన్నే జరుపుతారు, తర్వాత అదే అంకెతో 2080 గురించి చెబుతారు. దయచేసి అలా చేయకండి. చెట్లు కొలిచిన కొన్ని ప్లాట్లు పక్కన పెట్టి వాటి మీద పరీక్షించాకే ముందుకు వెళ్లండి.

మామూలు అమరికలో చెట్టు తయారుచేసుకున్న ఆహారంలో ఎప్పుడూ 47 శాతమే పెరుగుదలకు మిగులుతుంది, వేడెక్కినా శ్వాస ఖర్చు వాటా మారదు. వేడి పెరిగే కాలానికి ఇది పెద్ద ఊహే. నెల సగటు కాబట్టి నాలుగు రోజుల వడగాలి కనిపించదు. కార్చిచ్చు, పురుగు అసలే లేవు. మిశ్రమ తోటలకు 3-పీజీమిక్స్ అమరిక ఉంది, కానీ ఒక్కో జాతికీ పారామీటర్లు, అంటే మోడల్ అడిగే అంకెలు, సంపాదించడమే అసలు శ్రమ.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుదల మీద చూపే ప్రభావం కూడా మోడల్‌లోనే ఉంది. దాన్ని కలిపి ఒకసారి, ఆపి ఒకసారి నడపండి, రెండు గీతలూ రిపోర్టులో పక్కపక్కనే పెట్టండి. ఎక్కువ కలప చూపించే గీత ఒక్కటే పంపించకండి.