డిజియాత్ర: క్యూ తప్పుతుంది, పేరు కలిస్తేనే

శంషాబాద్, గన్నవరం, విశాఖ విమానాశ్రయాల్లో ముఖాన్ని గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర గేటు పనిచేస్తే పని క్షణాల్లో అయిపోతుంది. బోర్డింగ్ పాస్ బార్‌కోడ్ చూపించి, కెమెరా వైపు చూస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. పనిచేయకపోతే సామాన్లతో వెనక్కి మళ్లి మామూలు వరుస చివర నిలబడాలి. ఈ రెంటిలో ఏది జరుగుతుందన్నది చాలావరకు ఇంటి దగ్గరే తేలిపోతుంది.

యాప్‌లో ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యాక డిజిలాకర్ ద్వారా ఆధార్ తెచ్చుకోవాలి. ఆ ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబరుకే వస్తుంది, కాబట్టి పాత సిమ్ పారేసినవాళ్ల పని అక్కడే ఆగిపోతుంది. తర్వాత సెల్ఫీ. వెలుతురు ముఖం మీద పడేలా నిలబడి, కళ్లజోడు, టోపీ తీసి దిగండి. ఇదంతా ఒక్కసారే.

ప్రతి ప్రయాణానికీ చేయాల్సింది వేరే ఉంది: ముందు వెబ్ చెకిన్, తర్వాత పాస్‌ను యాప్‌లోకి ఎక్కించడం, చివరగా దాన్ని విమానాశ్రయానికి షేర్ చేయడం. ఎక్కించాం కదా అని షేర్ నొక్కకుండా వదిలేస్తే గేటుకు మీరెవరో తెలియదు.

మనవాళ్లకు పెద్ద చిక్కు పేరు దగ్గర. ఆధార్‌లో 'కె. వెంకట రమణ' అని ఉంటుంది, టికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా రాసి చివర పెడతారు. యాప్ పేరు కలవలేదని పాస్‌ను తిప్పికొడుతుంది. దీనికోసం ఆధార్ మార్చుకోకండి. పేరు మార్పుకు జీవితంలో రెండు అవకాశాలే ఇస్తారు. టికెట్ తీసుకునేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టు రాయడం తేలిక. అప్పటికే తీసుకుని ఉంటే చిన్న సవరణ చేస్తారేమో ఎయిర్‌లైన్స్‌ను అడగండి.

లోపలికి వెళ్లాక బ్యాగు ఇచ్చే క్యూ, సీఐఎస్‌ఎఫ్ భద్రతా తనిఖీ మామూలే. గుర్తింపు కార్డు జేబులో ఉండాల్సిందే.

ఇక ముఖం సంగతి. నడిపేది డిజియాత్ర ఫౌండేషన్. అందులో 26 శాతం వాటా ప్రభుత్వ రంగ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, మిగతా 74 శాతం హైదరాబాద్‌తో సహా 5 విమానాశ్రయాల నిర్వాహక సంస్థలది. వివరాలు మన ఫోన్‌లోనే ఉంటాయని, విమానాశ్రయానికి పంపినవి 24 గంటల్లో తుడిచేస్తామని చెబుతారు. ఏర్పాటుగా ఇది మంచిదే. కానీ పౌర విమానయాన శాఖ విధాన పత్రంలోనే భద్రతా అవసరాలను బట్టి ఆ గడువు మార్చవచ్చని, ప్రభుత్వ ఏజెన్సీలకు వివరాలు అందించవచ్చని రాసి ఉంది. ఈ వాక్యాన్ని యాప్ తెరపై పెద్ద అక్షరాల్లో చూపించి తీరాలి. చూపకుండా తీసుకున్న సమ్మతి సగం సమ్మతే.

టెర్మినల్ ద్వారం దగ్గర సిబ్బంది ఎవరైనా ఫొటో తీసి నమోదు చేస్తామంటే వద్దని చెప్పండి. డిజియాత్ర ఐచ్ఛికం, మామూలు గేటు ఎప్పుడూ తెరిచే ఉండాలి. కావాలనుకుంటే ఇంట్లో, తీరిగ్గా, సొంత ఫోన్‌లో చేసుకోండి. ఇక వాడనప్పుడు ఊరికే యాప్ తీసేయడం కాదు, ముందు అందులోని ఖాతా తొలగించండి.

అమెరికాకో దుబాయ్‌కో వెళ్లేవాళ్లు డిజియాత్ర ఉంటే ఇమిగ్రేషన్ కూడా తేలికవుతుందనుకుంటారు. కాదు. దానికి హోం శాఖవారి ఎఫ్‌టీఐ-టీటీపీ (ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ - ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్) వేరే ఉంది. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై 2025 జనవరిలో శంషాబాద్‌కు వచ్చింది. భారత పౌరులు, ఓసీఐ కార్డుదారులు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారు) ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, ఆమోదం వచ్చాక విమానాశ్రయంలోనో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల ప్రాంతీయ నమోదు అధికారి) కార్యాలయంలోనో వేలిముద్రలు, ముఖచిత్రం ఇవ్వాలి. దరఖాస్తు నాటికి పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు ఉండాలి. నమోదు 5 ఏళ్లు, లేదా పాస్‌పోర్టు గడువు తీరేదాకా, ఏది ముందైతే అది. ఇక్కడ 24 గంటల్లో తుడిచేయడం అనేది లేదు. ఏడాదికి రెండు మూడుసార్లు విదేశాలకు తిరిగేవారికి ఇది నేను గట్టిగా సిఫార్సు చేస్తాను, ఎందుకంటే పాస్‌పోర్టు కోసం వేలిముద్రలు ప్రభుత్వానికి ఎలాగూ ఇచ్చే ఉంటారు. ఎప్పుడో ఒకసారి వెళ్లేవారు కౌంటర్ క్యూలోనే వెళ్లవచ్చు. పాస్‌పోర్టు ఈ ఏడాదే రెన్యువల్‌కు వస్తుంటే మాత్రం కొత్తది చేతికొచ్చాకే దరఖాస్తు పెట్టండి.