గీతకు చట్టబలం ఉన్న పటం: నేచురా 2000 సమీక్ష

ఐరోపా పర్యావరణ సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా అందిస్తున్న నేచురా 2000 పటాన్ని పర్యావరణ చట్టాలపై ఆసక్తి ఉన్నవారంతా ఒకసారి తెరిచి చూడాలని కోరుతున్నాను. అరుదైన జీవులను, వాటి ఆవాసాలను కాపాడేందుకు ఐరోపా సమాఖ్య దేశాలు గుర్తించిన రక్షిత ప్రాంతాల సముదాయమే నేచురా 2000. సమాఖ్య భూభాగంలో దాదాపు 18 శాతం దీని కిందికి వస్తుంది.

నేను పోలండ్ తూర్పు సరిహద్దులోని బియావోవియెజా అడవిని ఎంచుకున్నాను. పటంలోని ప్రతి రక్షిత ప్రాంతానికీ ఒక వివరాల పత్రం ఉంటుంది; పీఎల్‌సీ200004 అనే సంకేతంతో ఉన్న ఈ అడవి పత్రంలో ఐరోపా అడవిదున్న, మూడు వేళ్ల వడ్రంగిపిట్ట వంటి జీవుల పట్టిక ఉంది. ఎండిన స్ప్రూస్ మానుల బెరడు కింది పురుగులే ఆ పిట్టకు ప్రధాన ఆహారం. 2016లో పోలండ్ ప్రభుత్వం బెరడు పురుగుల తాకిడిని కారణంగా చూపి, అక్కడ నరికే కలప పరిమితిని దాదాపు మూడింతలు చేసింది. అయితే 2004లో సమాఖ్యలో చేరినప్పుడే పక్షుల, ఆవాసాల ఆదేశాలకు (వాటి రక్షణ కోసం సమాఖ్య చేసిన చట్టాలకు) ఆ దేశం కట్టుబడినందువల్ల విషయం రాజధాని వార్సాలోనే ముగిసిపోలేదు. ఐరోపా కమిషన్ దావా వేయగా, నరకడం ఆపకపోతే రోజుకు కనీసం లక్ష యూరోలు చెల్లించాల్సి వస్తుందని సమాఖ్య న్యాయస్థానం 2017 నవంబరులో హెచ్చరించి, 2018 ఏప్రిల్ 17న పోలండ్‌దే తప్పని తీర్పు చెప్పింది. పటంలో రక్షిత ప్రాంతం చుట్టూ ఉన్న గీత వెనుక బలం ఇదే.

పత్రాల్లోని లాటిన్ పేర్లు, ఆ ప్రాంతం ఒక్కో జాతికి ఎంత ముఖ్యమో చెప్పే ఏ, బీ, సీ శ్రేణులు కొత్తవారికి కష్టమే. అయినా ఓపిగ్గా చదివితే, ఒక అడవిలో దేనిని కాపాడతామని ఆ దేశం మాట ఇచ్చిందో జాతుల వారీగా తెలుస్తుంది. విద్యార్థులకు, న్యాయవాదులకు దీనిని గట్టిగా సిఫారసు చేస్తున్నాను.