జాగ్రత్త: 5,000 కొలొకేషన్ల పీడీఎఫ్ కొనేముందు ఇది చదవండి

ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్లకి ఇన్‌స్టాలో ఈమధ్య ఒక యాడ్ తెగ వస్తోంది. "5,000 కొలొకేషన్లు, తెలుగు అర్థాలతో, ఈరోజు మాత్రమే రూ.499" అని. కొలొకేషన్లంటే ఇంగ్లిష్‌లో సహజంగా కలిసి వచ్చే మాటలు. ఆ పీడీఎఫ్ నేను కొన్నాను. మీరు కొనకండి.

డబ్బు కట్టగానే లింక్ వచ్చింది, అందులో మోసం లేదు. సరుకే చెత్త. 'ఇంటర్‌ప్రెట్' పేజీ తీస్తే 'స్ట్రాంగ్లీ ఇంటర్‌ప్రెట్', 'ఇంటర్‌ప్రెట్ అబౌట్ ద గ్రాఫ్', 'డూ ఇంటర్‌ప్రెట్' అని వరసగా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ఇలా ఎవరూ రాయరు. డేటానైనా రిజల్ట్స్‌నైనా నేరుగా ఇంటర్‌ప్రెట్ చేస్తారు, మధ్యలో 'అబౌట్' రాదు. ఒకరి మౌనాన్ని అంగీకారంగా తీసుకున్నారని చెప్పాలంటే 'ఇంటర్‌ప్రెటెడ్ యాజ్' అంటారు. అంత మామూలు వాడుక ఆ పేజీలో ఎక్కడా లేదు! 'అండర్‌స్టాండ్' దగ్గర 'హైలీ అండర్‌స్టాండ్' ఉంది, 'ఫుల్లీ అండర్‌స్టాండ్' లేదు. 'మేక్ సెన్స్ ఆఫ్' అంటే అర్థం చేసుకోవడం, దానికి ఇచ్చిన తెలుగు అర్థం 'జ్ఞానం తయారు చేయుట'. ఏదో సాఫ్ట్‌వేర్‌తో మాటకి మాట అతికించి, మనిషన్నవాడు చూడకుండానే అమ్మకానికి పెట్టారని నా అనుమానం.

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో నాలుగు అంశాలకి సమానంగా మార్కులుంటాయి. అందులో లెక్సికల్ రిసోర్స్, అంటే పదాల వాడకం, ఒకటి, కొలొకేషన్లు సరిగ్గా వాడామా లేదా అన్నది చూసేది అక్కడే. అంటే ఈ పీడీఎఫ్‌ని శ్రద్ధగా బట్టీ పట్టినవాళ్లకే ఎక్కువ దెబ్బ. కొని పక్కన పడేసినవాళ్లకి పోయేది 499 రూపాయలే.

రిఫండ్ అడిగితే "డిజిటల్ ప్రొడక్ట్ అండీ, రిఫండ్ ఉండదు" అన్నారు. తప్పులున్న పేజీల ఫొటోలు పంపాక బ్లాక్ చేశారు. యాడ్ కింద కామెంట్లు ఆఫ్. బ్యాండ్ 8 (తొమ్మిదికి ఎనిమిది స్కోరు) వచ్చిందంటూ పెట్టిన రివ్యూలన్నిట్లో ఒకటే స్పెల్లింగ్ తప్పు ఉండటం మరీ విడ్డూరం.

ఇలాంటివి ఎవరు అమ్మినా ముందు రెండు శాంపిల్ పేజీలు అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. ఇస్తే అందులో ఏవైనా మాటలు తీసుకుని ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ లేదా కేంబ్రిడ్జ్ డిక్షనరీ సైట్‌లో వెతకండి. రెండూ ఉచితమే, వాడుక వాక్యాలు కూడా ఉంటాయి. పుస్తకమే కావాలంటే ఆక్స్‌ఫర్డ్ వాళ్ల కొలొకేషన్స్ డిక్షనరీ ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠిలో పాత కాపీ దొరుకుతుందేమో అడిగి చూడండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు యూపీఐ రసీదు, యాడ్ స్క్రీన్‌షాట్, వాళ్లతో చేసిన చాట్ దాచుకుని నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. ఆలస్యం చేయొద్దు, వాళ్లు పేజీ పేరు ఇప్పటికే ఒకసారి మార్చారు.