కూలర్ కన్నా ఆ చిన్న మీటరే నా పాత పికప్‌ను కాపాడింది

పాత పికప్‌కు ట్రెయిలర్ తగిలించి దూర ప్రయాణాలకు సిద్ధం చేయాలనుకునేవారు మొదట అడిగేది గేరుబాక్సు ఆయిల్‌ను చల్లబరిచే అదనపు ట్రాన్స్‌మిషన్ కూలర్ గురించే. నేనూ బిగించాను, ఇప్పటికీ బండిలో ఉంది. కానీ ఇన్నేళ్లు వాడాక నేను మెచ్చుకోదలచుకున్నది దాన్ని కాదు. దానితోపాటు, ఎలాగూ పైపులు విప్పాం కదా అని, డ్యాష్‌బోర్డు అంచున పెట్టించుకున్న ఉష్ణోగ్రత మీటరును. గేరుబాక్సులో ఆయిల్ ఎంత వేడెక్కిందో చూపించడం తప్ప దానికి మరో పని లేదు. ఉన్న ఒక్క పనినీ ఇంత నిజాయతీగా చేసే పరికరం ఈ బండిలో ఇంకొకటి లేదు.

బండి వెనుక చక్రాలతో నడిచేది. నాలుగు గేర్ల ఆటోమేటిక్, నాలుగోది ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూనే బండి వేగంగా వెళ్లే పై గేరు. ట్రెయిలర్ సామానుతో కలిపి సుమారు 2,200 కిలోలు తూగుతుంది. హిచ్ (ట్రెయిలర్‌ను తగిలించే కొక్కెం), బ్రేకులు, వైరింగ్ సంగతులు ఇక్కడ రాయను. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలన్నది, టైరు ఎప్పుడు తయారైందో దాని పక్కన ఉండే నాలుగంకెలు చెబుతాయన్నది బరువు లాగేవారందరికీ తెలిసినవే. ఒక్క విషయం మాత్రం చాలామంది వదిలేస్తారు కాబట్టి చెబుతాను: వెనుక యాక్సిల్ మీద ఉండే గాలి గొట్టం. మట్టి పట్టి అది మూసుకుపోతే, బరువు లాగేటప్పుడు లోపలి వేడికి గాలి వ్యాకోచించి, బయటికి దారి లేక ఆయిల్‌ను సీళ్ల గుండా బ్రేకు డ్రమ్ముల్లోకి తోస్తుంది. గొట్టం శుభ్రం చేయడం చిటికెలో పని. సీళ్లు, బ్రేకు షూలు మార్చాలంటే రోజు గడిచిపోతుంది.

ఇక మీటరు. పాత బండ్లలో కంపెనీ ఇచ్చిన ముల్లు ఇంజిన్ నీళ్ల వేడిని చూపిస్తుంది, గేరుబాక్సు వేడిని కాదు. అది కూడా చాలా బండ్లలో ఉన్నదున్నట్టు చూపించదు. కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా నడిమధ్యనే నిలబడేలా తయారుచేస్తారు, నడిపేవాడు అనవసరంగా కంగారుపడకూడదని. ఖాళీ బండికి ఆ ఏర్పాటు బాగానే ఉంటుంది. వెనుక రెండు టన్నులున్నప్పుడు ఆ నిబ్బరమే ప్రమాదం. ఆటోమేటిక్ ఆయిల్ విషయంలో మెకానిక్‌లు చాలాకాలంగా చెప్పుకొనే మోటు లెక్క ఒకటుంది: 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగమవుతుంది. 115 దాటితే లోపల వార్నిష్ లాంటి పొర పట్టడం, 125 దాటితే రబ్బరు సీళ్లు గట్టిపడటం మొదలవుతాయంటారు. ఇవి ఉజ్జాయింపు అంకెలే, ఆయిల్ రకాన్ని బట్టి మారతాయి. కానీ ఏ అంకె దగ్గర ఉన్నామో కూడా తెలియకుండా ఘాట్ రోడ్డు ఎక్కడం వేరే సంగతి.

కూలర్ పెట్టించిన కొత్తలో దాన్ని అడిగినవారికీ అడగనివారికీ పొగిడాను. రేడియేటర్ పక్క తొట్టిలో ఉండే కంపెనీ కూలర్‌ను పూర్తిగా తప్పించి, ఆయిల్ మొత్తాన్నీ కొత్తదానిలోంచే తిప్పమని కూడా చెప్పాను. దానికి కారణమూ ఉంది. పాత రేడియేటర్ లోపల చిల్లు పడితే కూలెంట్ వెళ్లి గేరు ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ గులాబీ రంగు పాలలా మారుతుంది, ఆ తర్వాత గేరుబాక్సు మీద ఆశ వదులుకోవడమే. ఆ భయం ఇప్పటికీ ఉంది. అయితే ఆ సలహాను ఇప్పుడు అంత గట్టిగా ఇవ్వను. చలికాలం ఉదయాల్లో ట్రెయిలర్ లేకుండా వెళ్తుంటే మీటరు 50 దగ్గరే చాలాసేపు కూర్చునేది. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించే భాగం టార్క్ కన్వర్టర్; అది లాక్ అయితే లోపలి జారుడు ఆగుతుంది. ఆయిల్ తగినంత వేడెక్కేదాకా దాన్ని లాక్ కానివ్వని గేరుబాక్సులు చాలా ఉన్నాయి, నాదీ అదే రకం. చివరికి రేడియేటర్‌నే కొత్తది వేయించి, ఆయిల్ ముందు దానిలోంచి, తర్వాత అదనపు కూలర్‌లోంచి వెళ్లేలా పైపులు మార్పించాను. కూలర్‌తో వచ్చిన ప్లాస్టిక్ పట్టీల గురించి కూడా అప్పట్లో ఏమీ అనలేదు. రెక్కల మధ్య నుంచి దూర్చి బిగించే ఆ పట్టీలు అదురుకు ఏసీ కండెన్సర్‌ను రాస్తూ ఉంటాయి. వాటిని తీసేసి ఇనుప పట్టీల మీద నిలబెట్టాక నిశ్చింతగా ఉంది.

అసలు ఈ సమీక్ష రాయడానికి కారణం ఒక ఘాట్ రోడ్డు. ఎండాకాలం మధ్యాహ్నం, ట్రెయిలర్ నిండుగా ఉంది, ముందు ఒక బరువు లారీ. వేగం 40కి మించడం లేదు. కిందున్నప్పుడు మీటరు 88 చూపిస్తోంది. మూడో మలుపు దాటేసరికి 100. ఓవర్‌డ్రైవ్ అప్పటికే ఆపేసి ఉంది, రెండో గేరుకు దిగాను. సాధారణంగా అలా దిగితే ఇంజిన్ చురుగ్గా తిరిగి, కన్వర్టర్‌లో జారుడు తగ్గి, పెరుగుదల నెమ్మదిస్తుంది. ఈసారి నెమ్మదించలేదు. 108, 112, 117. ఇంజిన్ ముల్లు మాత్రం ఎప్పటిలాగే నడిమధ్యన చల్లగా ఉంది. ఆ మీటరు లేకపోతే నేను పాట వింటూ పైదాకా ఎక్కేసేవాడిని.

రోడ్డు పక్కన వెడల్పైన చోటు రాగానే ఆపాను. ఇంజిన్ ఆపలేదు. ఆపితే ఆయిల్ తిరగడం ఆగిపోయి వేడి ఉన్నచోటే ఉండిపోతుంది. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజిన్‌ను కాస్త ఎక్కువ వేగంతో తిరగనిచ్చాను. మీటరు దిగుతోంది కానీ మరీ మెల్లగా. బానెట్ ఎత్తి చూస్తే అప్పుడు తట్టింది: అంత వేడిలో ఫ్యాను హోరుమనాలి, దాని చప్పుడే లేదు. మా బండిలో ఫ్యాను బెల్టుతో, మధ్యలో సిలికాన్ ద్రవం ఉన్న క్లచ్ ద్వారా తిరుగుతుంది. ముందు వేడి గాలి తగిలితే ఒక లోహపు చుట్ట కదిలి ద్రవాన్ని లోపలికి వదులుతుంది, అప్పుడు ఫ్యాను గట్టిగా పట్టుకుంటుంది. మీటరు 90కి దిగాక ఇంజిన్ ఆపి, ఫ్యాను రెక్కను చేత్తో తిప్పాను. ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరిగింది. క్లచ్ చుట్టూ నల్లటి జిడ్డు చారలు. ద్రవం ఎప్పుడో కారిపోయింది.

చదునైన రోడ్డు మీద 80, 90 వేగంతో వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఆ లోపాన్ని పూర్తిగా కప్పేసింది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం పడిపోయి, వేడి పెరిగి, ఎదురుగాలి లేనప్పుడే ఫ్యానుతో అసలు అవసరం. అప్పుడే అది లేదు. ముందు అంత పెద్ద కూలర్ ఉండి ఏం లాభం, దానిలోంచి గాలిని లాగేది లేనప్పుడు? ఆ రోజు చల్లబడేదాకా ఆగి, మిగతా దారి విడతలుగా ఎక్కాను. బరువు బండ్ల కోసం చేసే గట్టి రకం ఫ్యాన్ క్లచ్ వేయించాక అదే దారిలో, అలాంటి ఎండలోనే, మీటరు 102 దాటలేదు. ఇప్పుడు సగం ఎత్తు ఎక్కేసరికి ఫ్యాను హోరు మొదలవుతుంది. పక్క సీట్లో ఉన్నవారికి చిరాకు, నాకు సంగీతం.

ఇది కాక మీటరు నా నడపడాన్నే మార్చింది. కొద్దిపాటి ఎత్తుల్లో, 85 వేగంతో ఓవర్‌డ్రైవ్‌లో వెళ్తుంటే కన్వర్టర్ లాక్ విడిపోతుంది, మళ్లీ పడుతుంది, మళ్లీ విడిపోతుంది. సీటులో కూర్చుంటే పెద్దగా తెలియదు, మీటరు మాత్రం పది డిగ్రీలు ఎక్కుతుంది. అదే వేగంలో మూడో గేరులో ఉంచితే లాక్ విడిపోకుండా నిలబడుతుంది, ఇంజిన్ కాస్త గట్టిగా అరుస్తుంది, ఆయిల్ మాత్రం చల్లబడుతుంది. ఇంజిన్ అరిస్తే బండి కష్టపడుతున్నట్టు అనుకునేవాళ్లం మనం. గేరుబాక్సు లెక్క దానికి తలకిందులు. డీజిల్ ఖర్చులో నాకైతే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సెన్సార్‌ను ఆయిల్ పాన్‌లో, అంటే గేరుబాక్సు అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, పెట్టించాను. అక్కడ మీటరు నింపాదిగా కదులుతుంది. ట్రెయిలర్‌ను ఎత్తులోకి రివర్స్ చేసేటప్పుడు కన్వర్టర్‌లో వేడి ఒక్కసారిగా లేస్తుంది, పాన్‌లోని సెన్సార్‌కు ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. కూలర్‌కు వెళ్లే పైపులో పెట్టినవారికి వెంటనే తెలుస్తుంది, కానీ అక్కడ అంకెలు బాగా ఎక్కువగా ఉంటాయి, చూసి గుండె దడ. నేను పాన్‌కే కట్టుబడ్డాను. ఒకే తీగ ఉన్న సెన్సార్‌కు స్క్రూ మరల మీద టెఫ్లాన్ టేపు మందంగా చుట్టకూడదు. దాని ఎర్తు ఆ మరల ద్వారానే అందాలి, అది సరిగా అందకపోతే మీటరు తప్పు చూపిస్తుంది. బిగించాక ఒకసారి వేరే థర్మామీటర్‌తో సరిచూసుకోవడం మంచిది. రాత్రిపూట దాని దీపం కళ్లలో గుచ్చుతుంది, తగ్గించే ఏర్పాటు లేదు.

కొనాలా అని అడిగితే, నాది పాత ఆటోమేటిక్, నా దారుల్లో ఘాట్లు తప్పవు, కాబట్టి నాకు ఇది లేకుండా కుదరదు. చదునైన నేల మీద తేలికపాటి ట్రెయిలర్‌తో తిరిగేవారికి ఇంత అక్కర లేకపోవచ్చు. కొత్త బండ్లలో చాలావాటికి ఈ అంకె డ్యాష్‌బోర్డులోనే కనిపిస్తుంది, ముందు మెనూలో వెతుక్కోండి. మాన్యువల్ గేర్లైతే మీ బాధ క్లచ్ ప్లేటుతో, ఈ మీటరు దానికేమీ చేయలేదు. కూలర్, మీటరు రెండింటిలో ఒక్కదానికే డబ్బుందంటే నేను ముందు మీటరే కొంటాను, అదీ ఫ్యాన్ క్లచ్‌ను చేత్తో తిప్పి చూశాకే.