పొగగొట్టం ఒక్కటే ఉంచాలా, మిల్లంతా ఉంచాలా?

కాలవగట్టున మూతబడ్డ పాత రైసు మిల్లుకు రెండు దారులు. పొగగొట్టాన్ని గుర్తుగా వదిలి, స్థలాన్ని అపార్టుమెంట్లకు ఇచ్చేస్తే డబ్బు వెంటనే వస్తుంది. కానీ కింద బాయిలరు లేని గొట్టం ఏం చెబుతుంది? 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద పడవల్లో ధాన్యం కదిలింది. పడవలు ఆగిన రేవు మెట్లు, ఉప్పుడు బియ్యం కోసం వడ్లు నానబెట్టిన తొట్లు, వాటిని ఎండబోసిన సిమెంటు కళ్లం ఒక్కచోట ఉంటేనే ఆ కథ కళ్లకు కడుతుంది.

షెడ్లు బాగుచేసి సంతకో, గ్రంథాలయానికో వాడటం రెండోది. ఖర్చెక్కువ, తుపానుకు రేకులు లేస్తాయి, చెద సరేసరి. అయినా నా ఓటు దీనికే, అద్దెకొచ్చేవాళ్లు ముందే కుదిరితే. లేకపోతే ఏమవుతుందో చూడండి: రాజమండ్రిలో గోదావరి మీది పాత రైలు వంతెన హేవలాక్ మీద 1997లో రైళ్లు ఆగాయి. పర్యాటకానికి వాడదామన్న మాట మాత్రం ఏళ్లపాటు మాటగానే నలిగింది.