ఫ్రేజల్ వెర్బులు: జాబితా బట్టీ పట్టడమా, వెనకున్న చిన్న మాటను పట్టుకోవడమా – ఏది మేలు?

శ్రీకాకుళంలో సాయంత్రం పూట డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. కొత్త బ్యాచ్ వచ్చిందంటే వాళ్ల సంచుల్లో జెరాక్స్ కాగితాల కట్ట ఒకటి తప్పకుండా ఉంటుంది. అన్నీ ఫ్రేజల్ వెర్బులే, అంటే 'గెట్ అప్'లా క్రియ వెనక ఒక చిన్న మాట చేరిన జంటలు: 'గెట్' కింద ఇరవై, 'టేక్' కింద పాతిక, 'పుట్' కింద పదిహేను, పక్కన తెలుగు అర్థాలు. "మాస్టారూ, రాత్రి చదివినవి పొద్దున్నకి ఎల్లిపోతన్నాయి" అని మొన్న ఒక అమ్మాయి అంది. ఆ పిల్ల బద్ధకస్తురాలు కాదు. చదివే పద్ధతే ఆమెకు సాయపడటం లేదు.

ఈ కష్టం మనకొక్కరికే ఉన్నది కూడా కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలోనే, క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ అలవాటు పరాయి భాషల వాళ్లకు అన్నిటికంటే కష్టమని రాశాడు. కాబట్టి పిల్లలను తప్పు పట్టే ముందు మనం నేర్పే దారిని ఒకసారి చూసుకోవాలి.

మొదటి దారి ఆ జెరాక్స్ కట్టదే. క్రియను తీసుకుని దాని కింద అన్నీ వరసగా చదవడం. దీనికీ మేలున్న చోట్లు ఉన్నాయి. నిఘంటువులు క్రియ వారీగానే ఉంటాయి కనుక వెతకడం తేలిక. బ్యాంకు, స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) లాంటి ఉద్యోగ పరీక్షలకు రెండు నెలలే సమయం ఉన్నవాళ్లకు జాబితా చేతిలో ఉండాల్సిందే. 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడం, 'టర్న్ డౌన్' అంటే వద్దనడం అని విడి మాటలను చూసి ఊహించడం కష్టం. అలాంటివి ఎవరైనా గుర్తు పెట్టుకోవాల్సిందే.

కానీ జాబితాలో ఉన్న అసలు లోపం ఏమిటంటే, అది కళ్లను తప్పు చోటికి తీసుకెళ్తుంది. 'గెట్ అప్, గెట్ ఆఫ్, గెట్ ఓవర్' అని పక్కపక్కన రాసినప్పుడు మూడింట్లోనూ ఒకేలా ఉన్న మాట 'గెట్'. అర్థంలో తేడా తెచ్చేది మాత్రం అప్, ఆఫ్, ఓవర్. మారని మాట మీద దృష్టి పెట్టి, మార్చే మాటను తోకలా వదిలేస్తున్నాం. ఇవి చాలా వరకు క్రియావిశేషణాలే, ఇంగ్లీషు వాళ్లు ఎడ్వర్బులు అనేవే. పని ఎటు వెళ్లింది, ఎంతవరకు వెళ్లింది, పూర్తయిందా ఆగిందా అనేది చాలాసార్లు అవే చెబుతాయి.

అందుకే రెండో దారి: ఒక చిన్న మాటను పట్టుకుని దానితో కలిసే క్రియలన్నిటినీ దాని చుట్టూ చేర్చడం. 'ఆఫ్' తీసుకోండి. కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగితే 'గెట్ ఆఫ్'. అరసవల్లి గుడి ముందు చెప్పులు విడిస్తే 'టేక్ ఆఫ్'. విమానం నేలను వదిలితే అదీ 'టేక్ ఆఫ్'. చొక్కా బొత్తాం ఊడితే 'కమ్ ఆఫ్'. నాగావళి పొంగి ఊరికి దారి తెగితే 'కట్ ఆఫ్'. పనిని అనుకున్న రోజు నుంచి పక్కకు జరిపితే 'పుట్ ఆఫ్'. అన్నింటిలోనూ ఏదో ఒకటి దేనినుంచో విడిపోతోంది. ఆ ఒక్క ఊహ దొరికితే, ముందెప్పుడూ వినని 'బ్రేక్ ఆఫ్' ఎదురైనా పిల్లలు తడుముకోరు.

ఇక్కడే మన తెలుగు గొప్పగా అక్కరకొస్తుంది. 'అన్నం తిన్నాడు' అనడానికీ 'తినేశాడు' అనడానికీ తేడా మనకు ఎవరూ పాఠం చెప్పలేదు. తినేశాడంటే కంచంలో ఏమీ మిగల్లేదు. 'ఈట్'కీ 'ఈట్ అప్'కీ తేడా ఇంచుమించు ఇదే. వెళ్లాడు వేరు, వెళ్లిపోయాడు వేరు. మా వైపు 'ఎల్లిపోనాడు' అంటే మనిషి ఇక ఇక్కడ లేడని. అది 'వెంట్ అవే'. 'పెట్రోలు అయిపోయింది' అంటే 'రన్ అవుట్'. 'రాసి పెట్టుకో' అంటే 'రైట్ డౌన్'. మనం ఒక క్రియకు పో, వేయి, పెట్టు లాంటి రెండో క్రియను తగిలించి చేసే పనిని ఇంగ్లీషు ఒక చిన్న ఎడ్వర్బుతో చేస్తుంది. ఈ మాట చెప్పగానే క్లాసులో ముఖాలు మారతాయి. తమకు రాదనుకున్నది తమ నోట్లో ఎప్పటినుంచో ఉన్నదేనని తెలిసినప్పటి ముఖాలవి.

అయితే ఒక జాగ్రత్త. మన 'పో'కి ఇంగ్లీషులో ఒకే మాట సరిపోదు. ఊడిపోతే ఆఫ్, ఆరిపోతే అవుట్, కూలిపోతే డౌన్. తెలుగు మనకు ఆ స్పృహనిస్తుంది, మాటను ఎంచి ఇవ్వదు. పైగా చిన్న మాటలు కొన్నిసార్లు దారి తప్పిస్తాయి. కరెంటు 'వెంట్ ఆఫ్' అంటే పోయిందని. అలారం 'వెంట్ ఆఫ్' అంటే మోగిందని! ఇలాంటి చోట నేనే జాబితా తీయమంటాను.

రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడటానికి ఒకసారి పిల్లలతో తిత్లీ తుపాను గురించి చెప్పించాను. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తుపాను అది. ఉద్దానం నుంచి వచ్చే పిల్లలు అప్పటికి చిన్నవాళ్లు, కానీ ఆ రాత్రిని మరిచిపోలేదు. జాబితా చదివినవాళ్లు 'గెట్', 'టేక్' కింద వెతుక్కుంటూ ఆగిపోయారు. చిన్న మాటలు నేర్చుకున్నవాళ్లు మాత్రం కథ చెప్పారు. కరెంటు 'వెంట్ ఆఫ్', ఇంటి రేకులు 'కేమ్ ఆఫ్', కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు 'ఫెల్ డౌన్', ఊళ్లకు ఊళ్లు 'కట్ ఆఫ్', తెల్లారాక గాలి 'డైడ్ డౌన్'. వ్యాకరణంలో తప్పులు దొర్లాయి. కానీ చెప్పాల్సింది ఆపకుండా చెప్పగలిగారు. నాకు ఆ రోజే తేలిపోయింది, మాట్లాడటానికి రెండోదే మేలని.

మూడో దారి కూడా ఒకటుంది. అసలు ఈ జంట మాటల జోలికే పోకుండా ఒంటి మాటతో సరిపెట్టడం. 'పుట్ ఆఫ్' బదులు 'పోస్ట్‌పోన్', 'కాల్ ఆఫ్' బదులు 'క్యాన్సిల్', 'పుట్ అవుట్' బదులు 'ఎక్స్‌టింగ్విష్'. వీటిలో చాలా మాటలు లాటిన్, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులో చేరినవి. దరఖాస్తులో, ఆఫీసు ఉత్తరంలో ఇవే హుందాగా ఉంటాయి, అక్కడ నేనూ ఇవే రాయమంటాను. ఇంట్లో, స్నేహితుల మధ్య ఎప్పుడూ ఇలాగే మాట్లాడితే మాత్రం కూరల బజారులో గ్రాంథికం మాట్లాడినట్టు ఉంటుంది. జనం నోట ఉన్న భాషే చదువుల్లోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. ఆ గడ్డ మీద పిల్లలకు పుస్తకాల ఇంగ్లీషు ఒక్కటే నేర్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

రెండో దారి ఎంచుకున్నవాళ్లకు ఒక ప్రమాదం ఉంది. చిన్న మాట రుచి తగిలాక అక్కర్లేని చోటా వేసేస్తారు. తట్టుకోవడానికి 'కోప్ అప్ విత్' అంటారు, 'కోప్ విత్' చాలు. 'రిటర్న్ బ్యాక్' అంటారు. 'రిటర్న్'లోనే వెనక్కి రావడం ఉంది.

ఇంకొకటి, మాటల చోటు. ఇది ఏ దారిలో వెళ్లినా విడిగా సాధన చేయాల్సిందే. 'పిక్ అప్ ద బ్యాగ్' అనవచ్చు, 'పిక్ ద బ్యాగ్ అప్' అనీ అనవచ్చు. కానీ బ్యాగుకు బదులు 'ఇట్' వస్తే 'పిక్ ఇట్ అప్' ఒక్కటే ఒప్పు. "ఐ విల్ పిక్ అప్ యూ" అని మన పిల్లలు ఫోన్లలో రోజూ అంటుంటారు. అది "ఐ విల్ పిక్ యూ అప్" కావాలి. 'క్విక్లీ', 'కేర్‌ఫుల్లీ' లాంటి మరో ఎడ్వర్బు చేరితే దాన్ని జంట మధ్యలో దూర్చకూడదు. 'షి క్విక్లీ పిక్డ్ ఇట్ అప్' సరే, 'షి పిక్డ్ ఇట్ అప్ క్విక్లీ' సరే. 'షి పిక్డ్ క్విక్లీ అప్ ద బ్యాగ్' కుదరదు. అదే 'లుక్ ఎట్' మధ్యలో 'కేర్‌ఫుల్లీ' హాయిగా ఇముడుతుంది, ఎందుకంటే అక్కడ 'ఎట్' ఎడ్వర్బు కాదు, ప్రిపోజిషన్, అంటే తన తర్వాత వచ్చే నామవాచకంతో జతకట్టే మాట. 'రైట్' (right), 'స్ట్రెయిట్' లాంటి కొన్ని మాటలకు మాత్రం మధ్యలోకి అనుమతి ఉంది: 'కమ్ స్ట్రెయిట్ బ్యాక్'.

ఈ వారం నా క్లాసులో 'అవుట్' నడుస్తోంది. దీపం ఆరడం, సరుకు అయిపోవడం, నిజం బయటపడటం వరకు వచ్చాం. కాగితాలు పంచడానికి కూడా 'హ్యాండ్ అవుట్' అని ఎందుకంటారో రేపు పిల్లలనే అడగాలి.