మెడ నొప్పికి ఏ శ్వాస వ్యాయామం మేలు: పొట్టతోనా, పక్కటెముకలతోనా, ప్రాణాయామమా?

రోజంతా ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చునేవారు మెడ నొప్పితో ఫిజియోథెరపీకి వెళ్తే, మెడ వ్యాయామాలతో పాటు శ్వాస వ్యాయామం కూడా చేయమని చెప్పడం ఇప్పుడు మామూలైంది. ఆ తర్వాత పాఠకులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. వెల్లకిలా పడుకుని పొట్టతో శ్వాస తీసుకోవాలా, కూర్చుని పక్కటెముకలను వెడల్పు చేయాలా, లేక ఇంట్లో ఎలాగూ చేస్తున్న ప్రాణాయామమే సరిపోతుందా? మూడూ మంచివేనని చెప్పి తప్పుకోవచ్చు గాని, మెడ సంగతి వరకే చూస్తే వీటి మధ్య తేడా చిన్నది కాదు.

నా దృష్టిలో నిర్ణయించేది ఒకే అంశం: గాలి లోపలికి పీల్చేటప్పుడు మెడ కండరాలు ఎంత కష్టపడుతున్నాయి? శ్వాసలో ప్రధానమైన పని ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా ఉండే కండరం, డయాఫ్రమ్‌ది. మెడ ఎముకల పక్కనుంచి దిగి మొదటి రెండు పక్కటెముకలకు అతుక్కునే స్కేలీన్ కండరాలు మామూలు శ్వాసలో కూడా కొంత సాయం చేస్తాయి. అందులో తప్పేమీ లేదు. చెవి వెనుకనుంచి కాలర్ బోన్ దాకా ఏటవాలుగా దిగే స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ మాత్రం పరుగెత్తినప్పుడో, ఆయాసం వచ్చినప్పుడో తప్ప శ్వాసకు అవసరం లేనిది. వీపు గూనిగా, తల ముందుకు చాచి కూర్చున్నప్పుడు పొట్ట నొక్కుకుపోయి, కింది పక్కటెముకలు విచ్చుకోవడానికి చోటు తగ్గుతుంది. అప్పుడు ఛాతీ పైభాగాన్ని పైకి లాగే భారం మెడ మీద పడుతుంది. నిమిషానికి 15 శ్వాసల చొప్పున లెక్క వేస్తే రోజుకు 21,600 అవుతాయి. శ్వాసతో పాటు దానంతట అదే సాగే అజపా జపానికి మన యోగ సంప్రదాయం చెప్పే సంఖ్య కూడా అదే. ఇందులో మేలుకుని కూర్చున్న గంటల వాటా ఒక్కటే తీసుకున్నా, మెడకు పడే అదనపు పని కొన్ని వేల సార్లు ఉంటుంది. ఉదయం చేసే పది నిమిషాల మెడ వ్యాయామం దానితో పోటీ పడలేదు.

దీర్ఘకాలిక మెడ నొప్పి ఉన్నవారిలో శ్వాస కండరాల బలం తక్కువగా ఉన్నట్లు 2013లో డిమిట్రియాడిస్ బృందం ప్రచురించిన పరిశీలనలో తేలింది. అయితే నొప్పి వల్ల శ్వాస మారిందా, శ్వాస మారినందువల్ల నొప్పి వచ్చిందా అన్నది ఇలాంటి పరిశీలనలు తేల్చవు. అందుకే శ్వాస సరిచేసుకుంటే మెడ నొప్పి దానంతట అదే పోతుందని చెప్పేవారి మాటను నేను అంత సులువుగా ఒప్పుకోను.

ఇక మొదటిది, పడుకుని చేసేది. మోకాళ్లు మడిచి, తల కింద పల్చటి దిండు పెట్టుకుని, ఒక చేయి ఛాతీ మీద, ఒక చేయి పొట్ట మీద ఉంచి, పొట్ట మీది చేయి మాత్రమే లేచేలా గాలి పీల్చడం. తల బరువు దిండు మోస్తుంది కనుక మెడకు పూర్తి విశ్రాంతి దొరుకుతుంది. నొప్పి తీవ్రంగా ఉన్న మొదటి రోజుల్లోనూ, డయాఫ్రమ్‌తో శ్వాస అంటే ఎలా ఉంటుందో బొత్తిగా తెలియనివారికీ ఇదే సరైనది. దీనికి రెండు పరిమితులున్నాయి. చాలామంది గాలితో కాకుండా పొట్ట కండరాలతో పొట్టను ముందుకు తోస్తారు. చేయి లేస్తుంది, పక్కటెముకలు మాత్రం కదలవు. రెండోది అంతకంటే పెద్దది. పడుకుని నేర్చిన శ్వాస, లేచి కుర్చీలో కూర్చోగానే చాలామందిని వదిలిపోతుంది. మెడ నొప్పి పుట్టేది మంచం మీద కాదు, కుర్చీలో.

కూర్చుని పక్కటెముకలను వెడల్పు చేసే శ్వాసకు నేను మొగ్గు చూపడానికి కారణం సరిగ్గా ఇదే. కింది పక్కటెముకలు బకెట్ పిడిలాగా పక్కకీ పైకీ లేచే నిర్మాణం గలవి. డయాఫ్రమ్ అంచులు వాటికే అతుక్కుని ఉంటాయి. రెండు పాదాలు నేలకు ఆనించి కుర్చీలో కూర్చోవాలి. తువ్వాలును రొమ్ము కింద పక్కటెముకల చుట్టూ తిప్పి, కొసలను ముందువైపు పట్టుకుని, మోచేతులను కిందికి వదిలేయాలి. ముక్కుతో నాలుగు సెకన్లు గాలి పీలుస్తూ తువ్వాలును రెండు పక్కలకూ నెట్టాలి, ఆరు సెకన్లలో నెమ్మదిగా వదలాలి. తువ్వాలు బదులు అరచేతులను పక్కటెముకల మీద పెట్టమని చెప్పేవారూ ఉన్నారు గాని, అలా పెట్టగానే మోచేతులు, వాటితో పాటు భుజాలు పైకి లేస్తాయి. తగ్గించాలనుకున్న బిగువునే మళ్లీ పెంచుకున్నట్లవుతుంది. సరిగ్గా చేస్తున్నామో లేదో చూసుకోవడానికి తువ్వాలును కాసేపు వదిలి, కాలర్ బోన్ లోపలి కొసకు కాస్త పైన రెండు వేళ్లు మెత్తగా ఆనించాలి. గాలి పీల్చినప్పుడల్లా అక్కడ తాడులాంటి బిగువు లేస్తుంటే మరీ ఎక్కువ గాలి పీలుస్తున్నారన్నమాట. లోతుగా పీల్చాలన్న పట్టుదల మానేస్తే చాలావరకు అదే సర్దుకుంటుంది. గంటకొకసారి ఐదారు శ్వాసలు చాలు. ఆఫీసులో తువ్వాలు లేకపోయినా సీటులోనే, ఎవరికీ తెలియకుండా చేసుకోవచ్చు.

ప్రాణాయామం విషయంలో ఒకే మాటగా అవునని గాని, కాదని గాని చెప్పడం కుదరదు. ముక్కు రంధ్రాలను వేళ్లతో మార్చి మార్చి మూస్తూ చేసే నాడీశోధనలాంటి నెమ్మదైన పద్ధతులు శ్వాస వేగాన్ని తగ్గిస్తాయి, మనసునూ సర్దుతాయి. అయితే ముక్కు దగ్గర పెట్టిన చేయి గాలిలోనే ఉండడం వల్ల ఆ వైపు భుజం చాలాసేపు లేచి ఉంటుంది, తల కొద్దిగా వంగుతుంది. మోచేతి కింద దిండు పెట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. వేగంగా, బలంగా ఊపిరి ఆడించే భస్త్రిక, కపాలభాతి మాత్రం మెడ నొప్పి ఉన్నన్నాళ్లూ పక్కన పెట్టడమే మంచిది. వేగం పెరిగేకొద్దీ మెడ, భుజాలు కూడా ఊగడం చూస్తూనే ఉంటాం; రక్తపోటు, గ్లాకోమా, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు వాటిని ఎలాగూ చేయకూడదు.

కోవిడ్ తర్వాత చాలా ఇళ్లలో మిగిలిపోయిన మూడు బంతుల స్పైరోమీటర్ గురించీ అడుగుతుంటారు. మూడో బంతి లేపాలనే ఆత్రంలో పనిచేసేది మెడే, కాబట్టి ఈ అవసరానికి అది వద్దు. బెలూన్ ఊదడం ఫిజియోథెరపిస్టు ఎదురుగా నేర్చుకుంటే సరే.

వీటిలో ఏది ఎంచుకున్నా, మెడ వ్యాయామాలకు శ్వాస బదులు కాదు. అమెరికా ఫిజికల్ థెరపీ సంఘం తరఫున 2017లో వచ్చిన మెడ నొప్పి మార్గదర్శకాలు మెడకు, భుజాలకు బలాన్నిచ్చే వ్యాయామాలను సిఫారసు చేశాయి. గడ్డాన్ని కొద్దిగా లోపలికి లాగి, మెడ లోతున ఉన్న కండరాలకు పని చెప్పే వ్యాయామాన్ని ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు గ్వెండొలిన్ జల్ విస్తృతంగా పరిశోధించారు. దాన్ని గాలి వదిలేటప్పుడు చేస్తే మెడ ముందరి పెద్ద కండరాలు తక్కువ బిగుస్తాయి గనుక రెండూ ఒకేసారి సాగుతాయి. పడుకుని చేసే శ్వాసకు దీన్ని జోడించడం సులువు. ఆ వ్యాయామం మొదలుపెట్టేదీ పడుకునే. శ్వాస చేస్తున్నప్పుడు తల తిరిగినా, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కినా ఎక్కువగా శ్వాస తీసుకున్నారని అర్థం. ఆపి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. చేతిలోకి పాకే నొప్పి, పట్టు సడలడం, నడకలో తడబాటు, జ్వరం, దెబ్బ తగిలిన తర్వాత మొదలైన నొప్పి ఉంటే మాత్రం ఏ వ్యాయామం మేలన్న ఆలోచన పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించుకోవాలి.